ఒక తెల్ల వైరు, రెండు బ్రేకర్లు: న్యూట్రల్ షేర్ చేయడం తప్పేనా?

మీరు అడిగింది ఇదీ: అమెరికాలో 1980లలో కట్టిన ఇల్లు కొన్నారు. వంటగది బాగుచేయించే పనిలో బ్రేకర్లుండే ప్యానెల్ మూత తీశారు. ఒక కేబుల్లోంచి వచ్చిన నల్ల వైరు ఒక బ్రేకర్‌కీ, ఎర్ర వైరు దాని పక్క బ్రేకర్‌కీ వెళ్తున్నాయి. తెల్ల వైరు, అంటే న్యూట్రల్, మాత్రం రెండింటికీ కలిపి ఒక్కటే ఉంది. నల్ల వైరుకి కొత్త ఏఎఫ్‌సీఐ బ్రేకర్ (వైర్లలో నిప్పురవ్వలు పుడితే ఆపేసేది) పెట్టి, తెల్ల వైరుని దాని న్యూట్రల్ స్క్రూకి బిగిస్తే, ఎర్ర వైరు మీదున్న మైక్రోవేవ్ ఆన్ చేసిన మరుక్షణం ట్రిప్ అవుతోంది. చూడ్డానికి వచ్చినాయన "న్యూట్రల్ షేర్ చేయడానికి కోడ్ ఒప్పుకోదు, గోడలు తెరిచి కొత్త కేబుల్ లాగాల్సిందే" అని చెప్పి వెళ్లాడు. మీకు అప్పటి నుంచి టెన్షన్.

గోడల జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఆయన చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. మీరు వర్ణించిన వైరింగ్ మాత్రం ఆ కోవలోకి రాకపోవచ్చు. కోడ్ అంటే ఎన్‌ఈసీ, అమెరికా జాతీయ ఎలక్ట్రికల్ నిబంధనల పుస్తకం. అది నిషేధించే షేరింగ్ వేరు, అనుమతించే షేరింగ్ వేరు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, అందుకే ఇంత గందరగోళం. అనుమతించే రకానికి ఎన్‌ఈసీలో ఒక పేరే ఉంది: మల్టీవైర్ బ్రాంచ్ సర్క్యూట్. పాత ఎలక్ట్రీషియన్లు దీన్నే ఎడిసన్ సర్క్యూట్ అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. మూడు వైర్ల సరఫరా పద్ధతికి ఎడిసన్ 1883లో పేటెంట్ తీసుకున్నాడు. అదే ఏడాది జులైలో పెన్సిల్వేనియాలోని సన్‌బరీ ఊళ్లో దాన్ని వాడుకలోకి తెచ్చాడు. రాగి ఖర్చు తగ్గించడం అప్పటి అవసరం. మీ గోడలో ఆ మూడు వైర్ల కేబుల్ వేసినాయన చూసుకున్నదీ అదే: రెండు సర్క్యూట్లకు రెండు కేబుళ్లు లాగే బదులు ఒక్కటి లాగితే సరిపోతుంది.

ఇక అసలు సంగతి. అమెరికా ఇంటికి 120/240 వోల్టుల సరఫరా వస్తుంది. వీధి ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ చుట్టకు సరిగ్గా మధ్యలోంచి తీసిన వైరే న్యూట్రల్. రెండు చివరల నుంచి వచ్చేవి రెండు హాట్ (లైవ్) లెగ్‌లు. ఏ లెగ్‌కైనా న్యూట్రల్‌తో 120 వోల్టులు, లెగ్‌కీ లెగ్‌కీ మధ్య 240. ఒక లెగ్ పైకి వెళ్తున్న క్షణంలో రెండోది కిందికి వెళ్తుంటుంది. కాబట్టి రెండు వేర్వేరు లెగ్‌ల మీదున్న సర్క్యూట్లకు న్యూట్రల్ ఒక్కటే అయితే, అందులో పారేది ఆ రెండు కరెంట్ల మొత్తం కాదు, తేడా. నల్ల వైరులో 15 ఆంప్స్, ఎర్ర వైరులో 10 ఆంప్స్ పోతుంటే తెల్ల వైరులో పారేది 5 ఆంప్సే. రెండూ సమానమైతే తెల్ల వైరులో ఏమీ పారదు. పైగా లోడ్లు సమానంగా ఉన్నప్పుడు వోల్టేజ్ డ్రాప్ కూడా సగమే ఉంటుంది, ఎందుకంటే తిరుగు దారిలో పోయే డ్రాప్ లేదు కదా.

ఇప్పుడు అదే కేబుల్‌ని, అవే రెండు బ్రేకర్లని, రెండూ ఒకే లెగ్ మీద పడేలా బిగించారనుకోండి. 15, 10 కలిసి తెల్ల వైరులో 25 ఆంప్స్ అవుతాయి. ఆ వైరు 14 గేజ్ మందానిది అయితే దానికి ఉండాల్సిన రక్షణ 15 ఆంప్స్. నల్ల బ్రేకర్ తన 15 చూసుకుని ఊరుకుంటుంది, ఎర్ర బ్రేకర్ తన 10 చూసుకుని ఊరుకుంటుంది. తెల్ల వైరుకి బ్రేకర్ అంటూ ఏదీ లేదు. అది గోడలో నిశ్శబ్దంగా కాగుతూ ఉంటుంది. మన దేశంలో సింగిల్ ఫేజ్ ఇళ్లలో పని నేర్చుకుని వచ్చినవాళ్లు న్యూట్రల్ షేరింగ్ మాటెత్తితేనే ఉలిక్కిపడతారు. వాళ్ల భయం న్యాయమైనదే. ఇంట్లోకి వచ్చేది ఒకే ఫేజ్ అయినప్పుడు షేర్ చేసిన న్యూట్రల్‌లో ఎప్పుడూ కూడికే తప్ప తీసివేత ఉండదు.

కోడ్ పుస్తకంలో దీని గురించిన నిబంధనలు నాలుగైదు చోట్ల చెల్లాచెదురుగా ఉంటాయి. చదివితే విసుగు పుడుతుంది. రెండే భయాలు మనసులో పెట్టుకుని చదివితే అన్నీ వాటంతటవే అర్థమవుతాయి: రెండు హాట్‌లు ఒకే లెగ్ మీద పడకూడదు, న్యూట్రల్ మధ్యలో తెగకూడదు.

మొదట నిషేధం సంగతి. 200.4(ఏ) ప్రకారం ఒక న్యూట్రల్‌ని ఒకటి కంటే ఎక్కువ బ్రాంచ్ సర్క్యూట్లకు గానీ, ఒకటి కంటే ఎక్కువ మల్టీవైర్ బ్రాంచ్ సర్క్యూట్లకు గానీ వాడకూడదు, కోడ్‌లో ఇంకెక్కడైనా ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప. మీ ఇంటికొచ్చినాయన మనసులో ఉన్నది ఈ వాక్యమే అయ్యుంటుంది. అయితే 210.4 తెరిస్తే, మల్టీవైర్ బ్రాంచ్ సర్క్యూట్‌ని ఒకే సర్క్యూట్‌గా కూడా, కొన్ని సర్క్యూట్ల కలయికగా కూడా లెక్కించవచ్చని ఉంటుంది. వంటగది కౌంటర్‌కి కావాల్సిన రెండు 20 ఆంప్స్ సర్క్యూట్లను ఒకే 12 గేజ్ మూడు వైర్ల కేబుల్‌తో ఇవ్వడం ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పనే. మీ ఇంట్లో ఉన్నది బహుశా అదే.

నిజంగా నిషిద్ధమైనది ఎలా ఉంటుందో చెప్తాను. మెట్ల దగ్గర కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్ ఉండే లైటు. కింద హాల్ సర్క్యూట్ నుంచి హాట్ తెచ్చారు, పైన లైటు దగ్గర బెడ్‌రూమ్ సర్క్యూట్ న్యూట్రల్ అందుబాటులో ఉంది కదా అని దానికి కలిపేశారు. దీన్ని అప్పు తెచ్చుకున్న న్యూట్రల్ అంటారు. లైటు చక్కగా వెలుగుతుంది, ఏళ్ల తరబడి వెలుగుతుంది. కానీ ఇక్కడ హాట్ ఒక కేబుల్లో వెళ్లి ఇంకో కేబుల్లో తిరిగొస్తోంది. ఒక సర్క్యూట్ వైర్లన్నీ ఒకే కేబుల్లో లేదా ఒకే పైపులో ఉండాలని 300.3(బి) అంటుంది. అలా లేకపోతే ఒకదాని అయస్కాంత క్షేత్రాన్ని ఇంకోటి రద్దు చేయదు, చుట్టూ ఇనుప పైపులూ బాక్సులూ ఉంటే అవి వేడెక్కుతాయి. రెండు హాట్‌లూ ఒకే లెగ్ మీదవైతే కూడిక గోల ఉండనే ఉంది. ఇది మాత్రం ఏ వాదనా లేకుండా తప్పు. పాత ఇంట్లో ఏఎఫ్‌సీఐ బ్రేకర్ పెట్టగానే బయటపడే దొంగ చాలాసార్లు ఇతనే.

సరే, మీ రెండు బ్రేకర్ల దగ్గరికి వద్దాం. 210.4(బి) చెప్పేది: మల్టీవైర్ సర్క్యూట్‌లోని హాట్ వైర్లన్నిటినీ ఆ సర్క్యూట్ మొదలయ్యే చోటే ఒకేసారి ఆఫ్ చేసే ఏర్పాటు ఉండాలి. 2008 ఎడిషన్ నుంచి ఇది అన్నిటికీ తప్పనిసరి. అంతకుముందు ఇళ్లలో, రెండు హాట్‌లూ ఒకే అవుట్‌లెట్ (ప్లగ్ సాకెట్) మీదికి వచ్చినప్పుడు మాత్రమే అడిగేవారు. పై సాకెట్‌కి డిస్పోజల్ (సింకులో చెత్త నలిపే యంత్రం), కింది సాకెట్‌కి డిష్‌వాషర్ తగిలించే స్ప్లిట్ అవుట్‌లెట్లు ఉంటాయి కదా, అవి. మీ ఇల్లు 1980లది కాబట్టి రెండు విడివిడి బ్రేకర్లు ఉండటం కట్టిన రోజుకి తప్పు కాకపోవచ్చు. ఇప్పుడు మీరు ఆ సర్క్యూట్‌ని ముట్టుకుంటున్నారు కాబట్టి ఇప్పటి నిబంధన పాటించడమే తెలివైన పని. కోడ్‌కి మూడేళ్లకోసారి కొత్త ఎడిషన్ వస్తుంది, ఒక్కో రాష్ట్రం ఒక్కో ఎడిషన్‌ని అమలు చేస్తుంది, పాత పనిని ఎంతవరకు సరిచేయాలన్నది మీ ఊరి ఇన్‌స్పెక్టర్ చూసుకుంటారు. ఆయన్ని ఒక ఫోన్ చేసి అడగడంలో నామోషీ ఏమీ లేదు.

ఈ నిబంధన ఎందుకొచ్చిందో నాకు చేతివేళ్లతో తెలుసు. పని మొదలుపెట్టిన కొత్తలో ఒక ఇంట్లో డైనింగ్ రూమ్ అవుట్‌లెట్ మార్చడానికి వెళ్లాను. బ్రేకర్ ఆఫ్ చేశాను. టెస్టర్ పెట్టి నల్ల వైరు చూశాను, చప్పుడు లేదు. ధైర్యంగా అవుట్‌లెట్ బయటికి లాగాను. వెనక బాక్సులో మూడు తెల్ల వైర్లు ఒక వైర్ నట్ (వైర్ల చివరలు కలిపి బిగించే టోపీ) కింద ఉన్నాయి. నట్ తిప్పి వైర్లు విడదీశాను. ఒక తెల్ల వైరు వేలికి, ఇంకోటి ఉంగరానికి తగిలాయి. అవతల వంటగదిలో ఫ్రిజ్ నడుస్తోంది. అది ఎర్ర వైరు మీద ఉంది, దాని బ్రేకర్ ఆన్‌లోనే ఉంది. ఫ్రిజ్‌లోంచి వచ్చిన కరెంట్ ప్యానెల్‌కి తిరిగి వెళ్లే దారిని నేను తెంచి, ఆ ఖాళీలో నా చెయ్యి పెట్టాను. న్యూట్రల్ తెగినప్పుడు లోడ్ వైపు ఉన్న చివర దాదాపు పూర్తి 120 వోల్టుల మీద నిలబడుతుంది. తెల్ల వైరే కదా అనుకునేవాడికి అది చెప్పి రాదు. ఆ రోజు నుంచి పనిలో ఉంగరం పెట్టుకోలేదు. రెండు బ్రేకర్లూ కలిసి పడేలా ఉండుంటే అప్పుడే ఫ్రిజ్ కూడా ఆగేది, నాకూ తెలిసేది.

కలిసి ఆఫ్ అయ్యేందుకు రెండు మార్గాలున్నాయి. రెండు పోల్స్ ఉన్న, అంటే రెండు హాట్ వైర్లనూ కలిపి పట్టుకునే, ఒకే బ్రేకర్ పెట్టుకోవడం ఒకటి. రెండు సింగిల్ పోల్ బ్రేకర్ల పిడులను కంపెనీ తయారుచేసిన హ్యాండిల్ టైతో కలపడం ఇంకోటి. లోడ్లన్నీ హాట్‌కీ న్యూట్రల్‌కీ మధ్య ఉండేవైతే హ్యాండిల్ టై చాలని 240.15(బి) ఒప్పుకుంటుంది. హ్యాండిల్ టై ఉన్నంత మాత్రాన ఒకటి ట్రిప్ అయితే రెండోదీ ట్రిప్ అవుతుందన్న భరోసా లేదు. చేత్తో ఆఫ్ చేసినప్పుడు రెండూ కలిసి పడాలి, అడిగేది అంతే. 240 వోల్టుల పరికరం ఏదైనా అదే సర్క్యూట్ మీద ఉంటే మాత్రం రెండూ కలిసి ట్రిప్ అయ్యే బ్రేకరే కావాలి. ఇక పిడుల రంధ్రాల్లోంచి మేకు దూర్చడం, రాగి తీగ ముక్క చుట్టడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. దయచేసి వద్దు. ఆ బ్రేకర్ల కోసమే చేసిన టై చిన్న ప్లాస్టిక్ ముక్కో లోహపు ముక్కో ఉంటుంది, దాన్నే వాడండి.

పక్కపక్క బ్రేకర్లను కలపడంలో ఇంకో లాభం ఉంది. దాన్ని కోడ్ పెద్దగా చాటుకోదు గానీ నా దృష్టిలో అదే ముఖ్యం. మామూలు ప్యానెల్లో ఒకే వరసలో పైనా కిందా ఉన్న పూర్తి సైజు బ్రేకర్లు వేర్వేరు లెగ్‌ల మీద పడతాయి. టైతో కట్టేసిన రెండు బ్రేకర్లని ఎవరో తర్వాతెప్పుడో వేరుచేసి, ఒకదాన్ని అటు చివరికి జరపడం కష్టం. జరపడం వల్లే అనర్థాలు. ప్యానెల్ నిండిపోయిందనుకోండి, ఎవరో వచ్చి మీ రెండు బ్రేకర్లూ తీసి ఒకే బ్రేకర్ చోటులో రెండు బ్రేకర్లు ఇమిడే సన్నటి టాండెమ్ పెడతారు. టాండెమ్‌లో రెండు సగాలూ ఒకే లెగ్‌ని పట్టుకుంటాయి. క్షణం క్రితం వరకూ తీసివేత చేస్తున్న న్యూట్రల్ ఆ క్షణం నుంచి కూడిక మొదలుపెడుతుంది. 20 ఆంప్స్ బ్రేకర్లు రెండు, కింద 12 గేజ్ తెల్ల వైరు ఒకటి, దానిలో 40 ఆంప్స్ వరకూ పారొచ్చు. ఏ బ్రేకరూ పడదు, ఏ లైటూ మిణుకుమనదు. నేను చూసిన మాడిన తెల్ల వైర్లలో ఎక్కువ భాగం వెనక కథ ఇదే.

దీన్ని పట్టుకోవడం మాత్రం చాలా తేలిక. మల్టీమీటర్ ఏసీ వోల్టుల మీద పెట్టి ఒక ప్రోబ్‌ని నల్ల వైరు బ్రేకర్ స్క్రూకి, ఇంకోదాన్ని ఎర్ర వైరు బ్రేకర్ స్క్రూకి ఆనించండి. 240 వస్తే వేర్వేరు లెగ్‌లు, అంతా సవ్యం. సున్నా వస్తే రెండూ ఒకే లెగ్, ఆ రెండిట్లో ఒకదాన్ని వెంటనే ఆఫ్ చేసి అలాగే వదిలేయండి. మెయిన్ ఆఫ్ చేసినా మీటర్ వైపు నుంచి వచ్చే పెద్ద వైర్లూ, అవి బిగించిన లగ్‌లూ లైవ్‌గానే ఉంటాయన్నది మర్చిపోకండి. ప్యానెల్లో చెయ్యి పెట్టడం అలవాటు లేకపోతే ఈ కొలత ఎలక్ట్రీషియన్‌తో తీయించండి.

ప్యానెల్ లోపల ఇంకో చిన్న నిబంధన: ఆ సర్క్యూట్ హాట్‌లనూ న్యూట్రల్‌నూ కనీసం ఒక చోట టైతో కట్టి జతగా ఉంచాలి, చూసినవాడికి ఏ తెల్ల వైరు ఎవరిదో తెలిసేలా. మీలాగా ఒకే కేబుల్లోంచి వచ్చి జత స్పష్టంగా కనిపిస్తుంటే అక్కర్లేదు. పైపుల్లో విడివిడి వైర్లు లాగిన చోట ఇది ప్రాణం కాపాడుతుంది.

ఇక రెండో భయం, తెగిన న్యూట్రల్. చిన్న లెక్క వేద్దాం. నల్ల వైరు మీద 1200 వాట్ల టోస్టర్, ఎర్ర వైరు మీద 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బులు రెండు. 120 వోల్టుల దగ్గర టోస్టర్ నిరోధం 12 ఓమ్‌లు, బల్బులది కలిపి 120 ఓమ్‌లు. ప్యానెల్ వైపు తెల్ల వైరు ఊడిపోయింది. ఇప్పుడు నల్ల లెగ్ నుంచి టోస్టర్ లోంచి, అక్కడి నుంచి బల్బుల్లోంచి ఎర్ర లెగ్ వరకూ ఒకే గొలుసు. 240 వోల్టులు, 132 ఓమ్‌లు, అంటే సుమారు 1.8 ఆంప్స్. టోస్టర్‌కి అందేది 22 వోల్టులు, గోరువెచ్చన కూడా కాదు. బల్బుల మీద 218 వోల్టులు. తళుక్కున మెరిసి పోతాయి. 1.8 ఆంప్స్‌కి ఏ బ్రేకర్ పడుతుంది చెప్పండి? ఇప్పటి ఫోన్ ఛార్జర్లు చాలావరకూ 240 దాకా తట్టుకుంటాయి గానీ, 120కి మాత్రమే చేసిన మోటార్లూ, కంట్రోల్ బోర్డులూ తట్టుకోవు. ఇంట్లో ఒక పరికరం ఆన్ చేయగానే కొన్ని లైట్లు మందగించి కొన్ని మామూలు కంటే ఎక్కువ వెలిగితే, అది వదులైన న్యూట్రల్ పని అని అనుమానించండి. ఇల్లంతా అలా అవుతుంటే లోపం సర్వీస్ న్యూట్రల్‌లో (వీధి నుంచి ఇంటికొచ్చే న్యూట్రల్‌లో) ఉండొచ్చు, అప్పుడు ఆలస్యం చేయకుండా కరెంటు కంపెనీకి ఫోన్ చేయాలి.

అందుకే 300.13(బి): మల్టీవైర్ సర్క్యూట్‌లో న్యూట్రల్ కొనసాగింపు ఏ అవుట్‌లెట్ మీదా, లైట్ హోల్డర్ మీదా ఆధారపడకూడదు. అవుట్‌లెట్ తీసేసినా తర్వాతి వాటికి న్యూట్రల్ అందుతూనే ఉండాలి. చాలామంది లోపలికొచ్చే తెల్ల వైరుని అవుట్‌లెట్ వెండి రంగు స్క్రూ ఒకదానికి, బయటికెళ్లేదాన్ని రెండో స్క్రూకి బిగిస్తారు. మామూలు సర్క్యూట్‌లో అది చెల్లుతుంది. ఇక్కడ చెల్లదు. ఆ అవుట్‌లెట్ ఊడదీసిన క్షణంలో దాని తర్వాత ఉన్నవన్నీ పై లెక్కలోని గొలుసులో పడతాయి. సరైన పద్ధతి ఏమిటంటే, వచ్చే తెల్ల వైరు, వెళ్లే తెల్ల వైరు, ఓ ఆరు అంగుళాల తెల్ల ముక్క, మూడింటినీ వైర్ నట్ కింద కలిపి, ఆ ముక్కని మాత్రమే అవుట్‌లెట్‌కి బిగించడం. దీన్ని పిగ్‌టెయిల్ అంటారు. మీ వంటగదిలో అవుట్‌లెట్లు మారుస్తున్నారు కాబట్టి రెండు బ్రేకర్లూ ఆఫ్ చేసి, ప్రతి బాక్సూ తెరిచి ఇది చూడండి. అవుట్‌లెట్ వెనక రంధ్రంలోకి గుచ్చి వదిలేసిన వైర్లు కనిపిస్తే నిర్మొహమాటంగా తీసి పిగ్‌టెయిల్ చేయండి. ఇంటి వయసు చూస్తే అవి ఉండే అవకాశం బాగానే ఉంది.

ఇప్పుడు మీ ఏఎఫ్‌సీఐ ఎందుకు పడుతోందో చెప్పడం సులువు. ఇలాంటి బ్రేకర్లు చాలావాటిలో, తన హాట్‌లో వెళ్లిన కరెంటూ తన న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటూ సమానమా అని చూసే భాగం ఉంటుంది. కరెంటు లీకై మనిషికి షాక్ కొట్టకుండా ఆపే జీఎఫ్‌సీఐకైతే అదే ప్రధానమైన పని. మీరు తెల్ల వైరుని నల్ల వైరు బ్రేకర్‌కి బిగించారు. ఎర్ర వైరు మీద మైక్రోవేవ్ తీసుకున్న 10 ఆంప్స్ ఈ బ్రేకర్ న్యూట్రల్ గుండా తిరిగొచ్చింది. తాను పంపని కరెంట్ తన దగ్గరికి రావడంతో అది ట్రిప్ అయింది. అది చేసింది సరైన పనే. బ్రేకర్ పాడైందని ఇంకోటి కొని పెట్టినా ఇదే జరుగుతుంది. ఎర్ర వైరుకి కూడా ఇంకో సింగిల్ పోల్ ఏఎఫ్‌సీఐ పెట్టినా అంతే. తెల్ల వైరు ఒక్కటే, రెండు బ్రేకర్లకు పంచలేరు.

మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది, నేను మీ ఇంట్లో ఉంటే ఎంచుకునేది: షేర్ చేసిన న్యూట్రల్ కోసం తయారుచేసిన రెండు పోల్స్ ఏఎఫ్‌సీఐ బ్రేకర్. నల్ల, ఎర్ర, తెల్ల మూడూ దానికే వస్తాయి. అది రెండు హాట్‌ల లెక్కనూ న్యూట్రల్ లెక్కనూ కలిపి చూస్తుంది. కలిసి ఆఫ్ అయ్యే నిబంధన కూడా దాంతోనే తీరిపోతుంది. మీ ప్యానెల్ కంపెనీ ఆ మోడల్‌కి చేస్తోందా అన్నది ప్యానెల్ తలుపు లోపలి లేబుల్ చూసి తెలుసుకోవాలి. పట్టింది కదా అని వేరే కంపెనీ బ్రేకర్ దూర్చకండి.

కౌంటర్ అవుట్‌లెట్లకు జీఎఫ్‌సీఐ కూడా కావాలి కదా. దానికి మూడు వైర్ల కేబుల్ ఎక్కడ రెండుగా చీలి నల్ల-తెల్ల ఒకవైపు, ఎర్ర-తెల్ల ఇంకోవైపు వెళ్తున్నాయో వెతకండి. ఆ చీలిక తర్వాత ఒక్కో వైపు మొదటి అవుట్‌లెట్‌గా జీఎఫ్‌సీఐ పెట్టి, మిగతావాటిని దాని లోడ్ స్క్రూల (తర్వాతి అవుట్‌లెట్లకు కరెంటు పంపే స్క్రూల) మీదికి తెండి. జీఎఫ్‌సీఐ లోడ్ వైపు వెళ్లే న్యూట్రల్ ఇంకెవరితోనూ కలవకూడదు, అదొక్కటే నియమం. చీలిక లేకుండా మూడు వైర్లూ బాక్సు నుంచి బాక్సుకి సాగుతుంటే లోడ్ స్క్రూలు వదిలేసి, ప్రతి చోటా పిగ్‌టెయిల్‌తో విడి జీఎఫ్‌సీఐ పెట్టుకోవాల్సిందే.

రెండో దారి, కొత్త కేబుల్. నల్ల, ఎర్ర, రెండు న్యూట్రల్స్ ఉన్న కేబుళ్లు కూడా దొరుకుతాయి. వాటిలో ఒక తెల్ల వైరు మీద గుర్తుగా చార ఉంటుంది. గోడలు ఎలాగూ తెరుస్తున్నారంటే ఇది ఉత్తమం. తెరవట్లేదంటే దీనికోసం తెరవడం దండగ. మూడోది, ఆ రెండు సర్క్యూట్లలో ఒకదాన్ని వదిలేసి మామూలు రెండు వైర్ల సర్క్యూట్‌గా మార్చుకోవడం. వంటగదికి కౌంటర్ సర్క్యూట్లు కనీసం రెండు ఉండాలి కాబట్టి మీకు ఇది కుదరదు.

మీరు అడగలేదు గానీ, ఈ మధ్య సోలార్, బ్యాటరీల పుణ్యమా అని ఎక్కువగా చూస్తున్న ఒక ప్రమాదం చెప్పకుండా ఉండలేను. కరెంటు పోయినప్పుడు ఇల్లు నడుపుదామని 120 వోల్టులు మాత్రమే ఇచ్చే ఇన్వర్టర్‌నో చిన్న జనరేటర్‌నో తెచ్చి, దాని ఒకే హాట్‌ని ప్యానెల్ రెండు లెగ్‌లకూ కలిపేస్తున్నారు. లైట్లన్నీ వెలుగుతాయి, అందరూ సంతోషం. కానీ రెండు లెగ్‌లూ ఇప్పుడు ఒకటే. ఇంట్లోని ప్రతి మల్టీవైర్ సర్క్యూట్ ఒక్కసారిగా కూడికలోకి మారిపోయింది. బ్రేకర్లు సరిగ్గా ఉన్నాయి, టైలు ఉన్నాయి, వైరింగ్‌లో ఒక్క స్క్రూ మారలేదు, అయినా న్యూట్రల్ ఓవర్‌లోడ్. అందుకే కోడ్ 710.15(సి)లో, 120/240 ప్యానెల్‌ని ఒకే 120 వోల్టుల సరఫరాతో నడపాలంటే అందులో మల్టీవైర్ సర్క్యూట్లు ఉండకూడదని చెప్పి, మల్టీవైర్ సర్క్యూట్లు కలపొద్దన్న హెచ్చరిక బోర్డు కూడా ప్యానెల్ మీద పెట్టమంటుంది. మీకు రేపు అలాంటి ఆలోచన ఉంటే 240 ఇచ్చే ఇన్వర్టరే తీసుకోండి.

ఆఫీసుల్లో, కొన్ని అపార్ట్‌మెంట్లలో ఉండే 208/120 త్రీ ఫేజ్‌లో లెక్క కొంచెం వేరు. మూడు ఫేజ్‌లకు ఒక న్యూట్రల్ అయితే సమాన లోడ్ దగ్గర అది సున్నా. కానీ మూడింట్లో రెండే ఫేజ్‌లు తీసుకుని చెరో 10 ఆంప్స్ లాగితే న్యూట్రల్‌లో కూడా 10 ఆంప్సే పారతాయి, రద్దు కావు. కంప్యూటర్లలాంటి లోడ్ల వల్ల పుట్టే మూడో హార్మోనిక్స్ (అసలు కరెంటుకి మూడు రెట్ల వేగంతో ఊగే అదనపు కరెంట్లు) అయితే మూడు ఫేజ్‌ల నుంచీ వచ్చి న్యూట్రల్‌లో కలిసిపోతాయి. న్యూట్రల్ కరెంట్ ఫేజ్ కరెంట్‌ని మించిపోవచ్చు. మీ ఇంటికి ఇది సంబంధం లేదు, అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లు ఎవరైనా చదువుతుంటే మీటర్లో 240కి బదులు 208 కనిపించిందని కంగారు పడకండి, అంతే.

నన్నడిగితే కొత్త ఇంట్లో నేను మల్టీవైర్ వేయను. ఏఎఫ్‌సీఐలు, జీఎఫ్‌సీఐలు వచ్చాక ఆ ఒక్క వైరు ఆదా బ్రేకర్ల దగ్గరే పోతోంది, తర్వాత వచ్చేవాడికి తలనొప్పి అదనం. దూరంగా ఉన్న గ్యారేజీకి రెండు సర్క్యూట్లు తీసుకెళ్లాలంటే మాత్రం ఇప్పటికీ ఇదే వేస్తాను, వోల్టేజ్ డ్రాప్ కలిసొస్తుంది.

ముందుగా ఆ రెండు స్క్రూల మధ్య రీడింగ్ తీయించి, ప్యానెల్ మోడల్ నంబరుతో పాటు చెప్పండి. అప్పటివరకూ ఆ ఏఎఫ్‌సీఐ తీసి పాత బ్రేకరే పెట్టి, తెల్ల వైరుని న్యూట్రల్ బార్‌కి తిరిగి బిగించండి. 240 వచ్చిందంటే ఏ బ్రేకర్ కొనాలో నేను చెప్తాను. సున్నా వస్తే మాత్రం మైక్రోవేవ్‌ని వేరే సర్క్యూట్‌కి మార్చేసి, ఎర్ర వైరు బ్రేకర్‌ని ఆఫ్‌లోనే ఉంచండి.